తాళం వేసిన మంటపం వంతు

వినడానికి చెవి ఒక్కటుంటే చాలును. పలకడానికి మాత్రం పక్కవాడు కాసేపు ఆగవలె. ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదుటి మేడమీద నున్న అమరేందర్ కేబుల్ ఆఫీసు ఈ చిన్న ధర్మం మీదనే నడుస్తున్నదని అందులో ఏడేండ్లుగా పనిచేస్తున్న కరుణకు తెలియనిది కాదు. తెలిసిన సంగతి మనసుకు తగలడానికి మాత్రం ఒక సోమవారం పొద్దున పోశమ్మ చేపల బుట్టతో మెట్లెక్కి రావలసి వచ్చింది.

పోశమ్మ బుట్టను గుమ్మం బయటనే దించింది. తడి గోనె సరిచేసింది. కొంగుకు చేతులు తుడుచుకొని, సంచిలోనుండి తెల్లని రూటరు డబ్బా తీసి, పెండ్లికూతురికి చీర పెట్టినంత జాగ్రత్తగా కరుణ బల్లమీద పెట్టింది.

"ఇగో బిడ్డా, నువ్వు ఫోన్ల మార్చమన్న డబ్బ. మార్చినం. ఇది కొత్తది. పాతదాని తీర్గనే ఇది గూడ నా కొడుకు చెయ్యి పట్టుకుంటున్నది."

"చెయ్యి పట్టుకునుడేంది చిన్నమ్మా? షాక్ కొడుతున్నదా?"

"షాక్ కొడ్తె కట్టెతోని కొట్టి ఇడిపిస్తుంటి. గది గాదు. నా కొడుకు బాలేష్‌కు చెవులు వినవడయ్, మాట రాదు. వాని మాటంత చేతుల్లనే. ఫోన్ల దోస్తులు కనవడుతుంటె చేతులతోని మాట్లాడుకుంటరు. అవుతలోని చేతులు వీనికి మంచిగనే కనవడుతున్నయ్. వీని చెయ్యే ఆడికి పొయ్యేటాళ్లకు గాల్ల నిలవడి పోతున్నదట, సగం మాట మీద. ఎవలన్న నీ గొంతు గట్ల పట్టుకుంటె నీకెట్లుంటది?"

కరుణ తెర వైపు తిరిగి బాలేష్ కనెక్షను తెరిచింది. గాజు తీగలో వెలుగు చక్కగా ఉన్నది. తెగినది లేదు, వంగినది లేదు. రెండు వారాలలో ఇటువంటి మనవులు అయిదు వచ్చాయి. ఫిర్యాదుల పుస్తకంలో వరుసగా ఉన్నాయి: చెరువు కట్ట కింది బాలేష్, మసీదు గల్లీలో దర్జీ, పాత ఊరిలో రాంచంద్ర గారింటి పెద్దమ్మ, మరి ఇద్దరు. అయిదుగురికీ ఆమె ఒకటే చెప్పింది. స్విచ్ తీసి పెట్టండి. కాకపోతే రూటరు మార్చండి. చేసే పని మీద గట్టి నమ్మకమున్న మనిషి కరుణ. ఆ నమ్మకంతోనే ఇప్పుడూ అన్నది.

"నీ లైన్ల ఏం తప్పు లేదు చిన్నమ్మా. జూడు, వంద స్పీడు వస్తున్నది."

"వచ్చేటిది వస్తున్నది బిడ్డా," అన్నది పోశమ్మ తాపీగా. "పొయ్యేటిదే పోతలేదు."

కరుణ వేళ్లు ఆగాయి. ఇంజనీరింగు చదివిన వారు సైతం అంత సూటిగా చెప్పలేరు.

"బేస్తవారం పదకొండు గంటలకు వానికి పరీక్ష," పోశమ్మ గొంతు తగ్గించింది. "చెవులు వినవడని పోరగాండ్లకు ఫోన్ల పాఠం చెప్పే కొలువు. ఒక్క పిల్ల ఆసిఫాబాద్ కాడుంటది, ఒక్కడు మధిర కాడుంటడు. వీడు మా ఇంట్లనే కూసోని చేతులతోని చెప్పాలె. పదకొండు మందిల ఇద్దర్ని ఉంచిండ్రు. గా ఇద్దర్ల ఒక్కన్నే తీస్కుంటరు. ఆనాడు వీని చెయ్యి నిలవడ్డదనుకో, ఇగ అయిపాయె."

"గంతేనా! ఆ పొద్దు ఈడికి తోల్కరా. నా కుర్సీల కూసోని చెప్తడు."

"రోజు నాలుగు పాఠాలు బిడ్డా. రోజు నీ కుర్సీ ఇస్తవా? ఏ ఇంట్లకెళ్లి చెప్తవో గా ఇంట్లకెళ్లే చూపియ్యమన్నరు. ఫోన్ సిగ్నలా, కట్ట కిందికి రానే రాదు. మీ తీగనే మాకు దిక్కు."

పోశమ్మ రూటరును మళ్లీ సంచిలో పెట్టుకున్నది. బుట్ట నెత్తికెత్తుకొని, మెట్ల మీద నుండి వెనుదిరగకుండానే అడిగింది. "వస్తవా, రావా?"

"పొద్దుమీకక ముందే వస్త."

నాలుగు గంటలకు కరుణ కట్ట కింది బస్తీకి పోయింది. మొదట స్తంభానికి నిచ్చెన వేసి ఎక్కింది. ఆఫీసు నుండి వచ్చిన తీగ ఒక్కటి. స్తంభం మీది నల్ల పెట్టెలో అది ముప్పది రెండు పాయలవుతుంది. ఆ పెట్టెను స్ప్లిటర్ అంటారు. తల వెంట్రుకంత గాజు పోగును ఆమె స్పిరిటు అద్దిన కాగితంతో మూడుసార్లు తుడిచి, మీటరుకు తగిలించి చూచింది. మైనస్ పంతొమ్మిది. ఇంతకంటె మంచి వెలుగు ఊరిలో ఏ ఇంటికీ రాదు. దిగి, చేతులు దులుపుకొని, లోపలికి నడిచింది.

బాలేష్‌కు పాతికేండ్లుంటాయి. గోడకు నీలిరంగు తానే వేసుకున్నాడు. చేతులు స్పష్టంగా కనపడడానికి. ఫోనును ఇటుకల మీద నిలబెట్టి మధిర వైపు స్నేహితునితో పాఠం వల్లిస్తున్నాడు. వాగు పుట్టి, మలుపులు తిరిగి, చెరువులో కలవడం ఆ పాఠం. అతని రెండు చేతులూ గుట్ట నుండి జారి, రాళ్లమీద ఎగిరి, వెడల్పై, నెమ్మదించాయి. అర్థం తెలియని కరుణకు సైతం నీటి చప్పుడు వినపడినట్లైంది. అంతలో తెరలోని స్నేహితుడు పిడికిలి బిగించి ఎత్తి చూపాడు. ఆగింది అని. బాలేష్ చేతులు దించి, మళ్లీ గుట్టమీది నుండి మొదలుపెట్టాడు. మళ్లీ పిడికిలి. మూడవసారి బాలేష్ తన చేతులవైపే చూచుకున్నాడు, తప్పు వాటిదే అన్నట్లు.

ఆ చూపు కరుణకు నచ్చలేదు. "చేతులది కాదని చెప్పు చిన్నమ్మా," అన్నది.

పోశమ్మ కొడుకుతో చేతులు కదిపి మాట్లాడింది. బాలేష్ కరుణను గుర్తుపట్టి నవ్వాడు. గాలిలో ఒక ప్లగ్గు పీకినట్లు, మళ్లీ పెట్టినట్లు వేళ్లు ఆడించాడు.

"ఏమంటున్నడు?"

పోశమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. "నీ పేరు బిడ్డా. వాని భాషల మనుషులకు పేర్లు వాడే పెడ్తడు. నాకు నెత్తిమీద బుట్ట. ఫోన్ జేసినప్పుడల్ల నువ్వు స్విచ్ తీసి పెట్టుమంటవు గద. గందుకని నీకు గది."

కరుణకు చెవులు వేడెక్కాయి. నవ్వు కూడా వచ్చింది. "మరి గాయనకేం పేరు?" అని మూలకు చూపింది.

మూలలో గోనెసంచి మీద పోశమ్మ మామ ఎంకయ్య కాళ్లు చాచి కూర్చున్నాడు. నలుబది ఏండ్లు చెరువు తూము కాడ నీరడిగా చేసిన మనిషి. ఎవరి మడికి ఎన్ని గడియలు నీరు పారవలెనో నిర్ణయించి పారించడం నీరడి పని. వేసవి నేలవలె పగుళ్లు పారిన మడమలు ఆయనవి. తాత పేరడిగారని తెలిసి బాలేష్ ఎడమ అరచేతిని నేలవలె పరచి, కుడి అరచేతి మడమను దానిలో గట్టిగా నొక్కి, ఎత్తి, ఆ గుంతలోనికి తొంగిచూచాడు.

"తర్వాత చెప్త గని," అన్నాడు ఎంకయ్య, "ముందు నాకొకటి చెప్పు బిడ్డా. తీగ ఒక్కటేనట. ఇండ్లు ముప్పై రెండట. అందరొక్కసారి మాట్లాడితె ఎట్ల?"

"మాట్లాడరాదు తాతా. రెండిండ్ల వెలుగు ఒక్కసారే తీగల పడితే రెండూ చెడిపోతయ్. వచ్చేటిది మా ఆఫీసు పెట్టె అందరికీ ఒక్కసారే పంపిస్తది. ఎవరిది వాళ్లు తీస్కుంటరు. పొయ్యేటి కాడనే వంతు. ఇంట్ల డబ్బ, నా దగ్గర ఇంత పేరుకున్నదని మా పెట్టెకు చెప్తది. మా పెట్టె లెక్క చూసి, ఇగో నీకింత సేపు, ఆయనకింత సేపు అని వంతులిస్తది. వంతొచ్చినోడే మాట్లాడాలె, మిగిలినోళ్లు దీపం ఆర్పుకోవాలె. సెకన్ల వెయ్యోవంతుల అయిపోతది."

ఎంకయ్య ముఖం విప్పారింది. "అరె! గట్లైతె మీ పెట్టె నీరడన్నట్టు."

"అట్లనే అనుకో."

"నేను గూడ రైతు చెప్పింది ఇంటుంటి. కని నమ్మకపోదును. ఎండింది ఎండింది అని అందరంటరు. మడిల దిగి మడిమె నొక్కి చూడాలె." ఆయన కుడికాలు జరిపి మట్టినేల మీద మడమ నొక్కాడు. "మడిమె గుంతల నీళ్లూరినయా, వానికి చాలు. వాని వంతు పక్కోనికి. ఊరలేదా, ముందు వానికే. పొద్దుగాల ఒకనికి, మాపటికి ఒకనికి. రోజు మారుతనే ఉంటది."

"ఎవలన్న పెద్దోళ్లు, మా మడికి తూము మూయొద్దంటె?"

"అననోళ్లెవలు? నిండిన మడిల పోస్తె నీళ్లు ఒడ్డు తెగి వాగుల పడ్తయ్. ఆనికీ దక్కయ్, పక్కోనికీ దక్కయ్. గది పాపం బిడ్డా. పెద్దోనికిచ్చుడు పాపం గాదు. అక్కెర లేని మడిల పోసి పారవోసుడు పాపం." ఎంకయ్య కాలు వెనుకకు తీసుకున్నాడు. "మీ పెట్టె మడిమె నొక్కి చూస్తదా?"

"చూడకేంది తాతా?" అన్నది కరుణ ధీమాగా. "సెకనుకు వెయ్యిసార్లు చూస్తది. దాన్నే డైనమిక్..."

మాట సగంలో ఆగింది. ఈసారి ఏ తీగా పట్టుకోలేదు.

పెట్టె అన్ని ఇండ్లనూ నొక్కి చూస్తుంది, నిజమే. మూడు చోట్ల మాత్రం చూడవద్దని దానికి కరుణే చెప్పింది.

మంగళవారం పొద్దున తన ఊరు మంచాల నుండి మొదటి బస్సుకు వచ్చి, చీపురు పట్టే మనిషి రాకముందే కరుణ తెర ముందు కూర్చున్నది. వెతకడమేమీ లేదు, ఎక్కడ పెట్టిందో చేతులకే తెలుసు. కట్ట కింది బస్తీకి, మసీదు గల్లీకి, పాత ఊరికి పోయే తీగమీదనే ఊరిలో పెద్ద ఆసామి మహిధర్‌వి మూడు కనెక్షన్లున్నాయి: ప్లాట్లమ్మే ఆఫీసు, తోట ఇల్లు, పెండ్లిళ్ల మంటపం. నెల కిందట మంటపంలో ఒక పెండ్లి ప్రసారం సరిగ్గా జీలకర్రబెల్లం వేళకు నిలిచిపోయింది. దేశదేశాల చుట్టాలు చూస్తుండగా తలవంపు. "మహిధరన్న లైన్ ఇగ ఆగొద్దు కరుణా, ఏం జేస్తవో జెయ్యి," అన్నాడు ఆఫీసు యజమాని అమరేందర్. కరుణ చేసింది. అడిగినప్పుడు ముందుగా ఇవ్వమని చెప్పే పద్ధతి ఒకటి ఉన్నది; దానికి నాలుగు చోట్ల సరిచూడవలె. అడిగినా అడగకున్నా ఇచ్చివేయమనే పద్ధతి ఒకటున్నది. దానికి ఒక్క వరుస చాలు. బిగించి పారేస్తే మళ్లీ ఫోను రాదని, ఒక్కటే కాక మూడింటినీ ఆ ఒక్క వరుసతో బిగించింది.

తీగ పైకి మోయగలిగినది నూరు పాళ్లు. ముప్పది చొప్పున మూడు చోట్లకు తొంబది. మిగిలిన పది పాళ్లలో ఇరువది తొమ్మిది ఇండ్లు గొంతు చించుకుంటున్నాయి. కిందికి వచ్చేది బాగున్నది కనుక సినిమాలు చూచేవారికి బాధ లేదు. పైకి చెప్పవలసినవారు కొద్దిమంది. వారి గొంతేమో పైకి రానే రాదు.

ఆమె ముప్పదిముప్పది పాళ్ల లోపలికి చూచింది. ప్లాట్ల ఆఫీసులో కెమెరాలు నాలుగు పాళ్లు వాడుకుంటున్నాయి. తోట ఇంట్లో పాలిలో పదోవంతు. మంటపం గీత నేలకు అంటుకొని ఉన్నది. సున్న. నిన్న సున్న, మొన్న సున్న, ఇరువది దినాలుగా సున్న. కరుణ గోడమీది క్యాలెండరు చూచి తల పట్టుకున్నది. మూఢం! శుక్రుడు కనపడని దినాలు, ముహూర్తాలు లేవు, మంటపానికి తాళం వేసి ఉన్నది. యజ్ఞంలో ఎవరి హవిర్భాగం వారికి చేరవలెనని పెద్దలంటారు. ఇక్కడ రాని దేవతకు, రానని ముందే చెప్పిన దేవతకు, సెకనుకు వెయ్యిసార్లు భాగం తీసి పెడుతున్నారు. ముంగిట ఆకలితో ఉన్నవారు చూస్తున్నారు.

పది గంటలకు అమరేందర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. స్తంభాలకు తానే ఎక్కి తీగలు గుంజిన దినాల మచ్చలు మోచేతుల మీద ఇంకా ఉన్నాయి. కరుణ చెప్పింది విని కుర్చీలో వెనుకకు వాలాడు.

"గా మూడు ముట్టుకోకు కరుణా. నాలుగు వెంచర్లల మన స్తంభాలు పాతనిచ్చిండు మహిధరన్న. మొన్న గా పెండ్లి నాడు నన్నేమన్నడో ఎరికేనా? నీ తీగతోని బట్టలారేసుకుంట అన్నడు."

"ఆయన పని ఆగకుంటనే మారుస్త అన్నా."

"ముందు ఆయన్ని అడుగుదాం. ఆయన శ్రీశైలం పోయిండు, ఐతారం వస్తడు."

"పరీక్ష బేస్తవారం."

"గా పిల్లగాన్ని ఈడికి తోల్కరా..."

"నేను గూడ గదే అన్న. పోశమ్మ చిన్నమ్మ నన్ను ఒక్క మాటతోని కూసోవెట్టింది." కరుణ లేచి నిలబడింది. "తప్పు జేసేటప్పుడు ఎవ్వల్ని అడగలే అన్నా నేను. దిద్దేటప్పుడు అడగాల్నా?"

అమరేందర్ ఫోను తీసి, ఎవరూ చేయని ఫోనును చూచుకున్నాడు.

"సరే," అన్నది కరుణ. "నా మాట నమ్మకు. పొద్దుగాల నాతోని మంటపం దాంక రా. మడిమె నొక్కి చూద్దాం."

"మడిమేంది?"

"వస్తె ఎరికైతది."

బుధవారం తొమ్మిది గంటలకు ఇద్దరూ సాగర్ రోడ్డు మీద మంటపం ముందు దిగారు. కావలి మనిషి భిక్షం తాళం తీశాడు. లోపల చీకటి, సున్నపు వాసన. ఎండిన మామిడాకుల తోరణం సగం ఊడి వేలాడుతున్నది. కుర్చీలు ఒకదానిలో ఒకటి దూరి గోపురాలై నిలిచాయి. వేదిక మీది రెండు సింహాసనాలకు దుప్పట్లు కప్పి ఉన్నాయి. అడుగుల చప్పుడుకు పావురాలు టపటప లేచాయి.

"ఎవలన్న వస్తున్నరా భిక్షం?" అడిగాడు అమరేందర్.

"మూఢమాయె పటేలా. ఎవలొస్తరు? నేను, గీ పావురాలు."

మేనేజరు గది గోడమీద, దుమ్ము పట్టిన అద్దాల వెనుక, డబ్బా పచ్చగా మిణుకుతున్నది. కరుణ తన ఫోనులో ఆఫీసు తెర తెరిచి అమరేందర్ చేతికిచ్చింది.

"జూడు అన్నా. గీ ఎర్రది మనం ఇచ్చిన వంతు, ముప్పై. గీ కిందిది మంటపం చెప్పిన మాట. మన పెట్టె సెకనుకు వెయ్యిసార్లు దీనికి వంతిస్తున్నది, చెప్పు మంటపమా, చెప్పు మంటపమా అని. గిదేం చెప్తున్నది?"

అమరేందర్ కళ్లు చికిలించి చూచాడు. "పావురాల సప్పుడు గూడ పోతలేదు గదనే."

"దీని వల్ల అక్కడ బాలేష్ చెయ్యి గాల్ల నిలవడి ఉన్నది."

అమరేందర్ వేదిక దాకా నడిచి, దుప్పటి కప్పిన సింహాసనాన్ని చేతితో తట్టి, తిరిగి వచ్చాడు.

"నా ఫోను గూడ దీంట్ల కలవనియ్యరు పటేలా," అన్నాడు భిక్షం సందు చూచి. "ఉత్తగనే మెరుస్తది. మిణుగురు పురుగు తోడున్నట్టుంటది."

"రేపు పగటాల్ల దాంక," అన్నాడు అమరేందర్ చివరకు. "మహిధరన్న ఫోనొచ్చిందా, నేను ఎత్తను. నువ్వే మాట్లాడాలె."

"నేనే మాట్లాడ్త. బిగించింది నేను గద."

ఆ మధ్యాహ్నం కరుణ నింపాదిగా పని చేసింది. ఒక్క వరుసలో చేసిన దానిని నాలుగు చోట్ల సరిచూచి విప్పింది. మూడు కనెక్షన్లకూ హామీని తీసివేయలేదు. అడిగిన క్షణాన ముందు వారికే. అడగనప్పుడు ఆ వంతు అడిగినవారికి. ఏ ఇల్లూ మూగబోకుండా ముప్పది రెండింటికీ ఒక పిడికెడు వంతు విడిగా ఉంచింది. ఎంటర్ నొక్కి, ఊపిరి బిగపట్టకుండానే టీ తాగింది. ఫిర్యాదుల పుస్తకం తీసి అయిదు ఇండ్లకూ తానే ఫోను చేసింది. "తప్పు మీ డబ్బలది కాదు, మాది. దిద్దినం. జర చూసి చెప్పుండ్రి." రాంచంద్ర గారింట్లో పనిమనిషి ఎత్తి, "పెద్దమ్మకు చెప్త," అన్నది. దర్జీ మాత్రం, కొత్త రూటరు ఎవరు వాపసు తీసుకుంటారని గట్టిగా పోట్లాడాడు. ఆ మాట పడదగినదే కనుక కరుణ పడింది.

గురువారం పదకొండు గంటలకు తెర మీద బాలేష్ ఇంటి గీత లేచింది. అతని చేతులు ఆమెకు కనపడవు. ఆ పచ్చగీత ఒక్కటే కనపడుతుంది. గుట్ట నుండి జారుతున్నదో, రాళ్లమీద ఎగురుతున్నదో తెలియదు. ఎక్కడా తెగడం లేదని తెలుస్తున్నది. పది నిమిషాలు గడిచాయి.

మెట్లమీద బరువైన అడుగులు వినిపించాయి. తెల్లని చొక్కా, నుదుట విభూతి. ఐతారం రావలసిన మహిధర్ గుమ్మంలో నిలబడ్డాడు. అమరేందర్ తన కుర్చీని ఇటు తిప్పి, తువాలు కొసతో దానిమీద లేని దుమ్మును తుడిచాడు.

"కూసో అన్నా. దర్శనం మంచిగైందా? ఐతారం అంటివి..."

"అమ్మ రమ్మంటె పొద్దుగాలనే వచ్చిన." మహిధర్ కూర్చోలేదు. "మంటపం కాడికొచ్చి ఏదో చూసిపొయిండ్రట. భిక్షం చెప్పిండు. ఏం మార్చిండ్రు?"

అమరేందర్ కరుణ వైపు చూచాడు. కరుణ లేచి నిలబడింది. చేయి మాత్రం పచ్చగీత పక్కనుండి తీయలేదు.

"నేను మార్చిన అన్నా. నెల కింద మీ మూడు లైన్లు బిగిచ్చి పెట్టిన. మీరు వాడినా వాడకున్నా మీ వంతు మీకే పొయ్యేటట్టు. అది తప్పు. నిన్న ఇప్పిన. ఇప్పుడు మీరు అడిగితె రెప్పపాటుల ముందు మీకే. అడగనప్పుడు ఊరోళ్లకు."

"అంటె నా వంతు వేరేటోళ్లకు ఇచ్చినవ్."

"మంటపం తాళమేసి ఉన్నది అన్నా. తాళానికిచ్చిన వంతు తీసి మనుషులకిచ్చిన. మీ కెమెరా ఒక్కటన్న ఆగిందా, ఇప్పుడే ఫోన్ల చూసుకోండ్రి. ఆగితే నా మీద పెట్టుండ్రి."

మహిధర్ ఫోను తీయలేదు. తీరికగా కుర్చీలో కూర్చొని, చేతులు మోకాళ్లమీద పెట్టుకున్నాడు.

"పాత ఊర్ల మా నాయిన రాంచంద్ర పేరు మీద ఒక కనెక్షనున్నది. గది గూడ గీ తీగ మీదనేనా?"

కరుణ కళ్లు ఫిర్యాదుల పుస్తకం మీదికి పోయాయి. మూడవ పేరు. పెద్దమ్మ గొంతు తెగుతున్నది అని తన చేతివ్రాతలోనే ఉన్నది. పక్కన, స్విచ్ తీసి పెట్టమన్నాను అని కూడ.

"అవ్ అన్నా. దీని మీదనే."

"మా అమ్మ అనంతమ్మ రోజు పొద్దుగాల నలభై మంది ఆడోళ్లతోని ఫోన్ల పారాయణం జేస్తది. ఆమె చెప్తుంటె వాళ్లు అందుకోవాలె. నెల సంది గొంతు తెగుతున్నదని వాళ్లు వేరే ఆమెతోని చెప్పిస్తున్నరు. ఇరవై ఏండ్ల సంది నోటికి చెప్పిన మనిషి, మూల కూసోని ఇంటున్నది. ముప్పూటల తిండి ఒక్క పూటకొచ్చింది. నేను రెండు డబ్బలు మార్చిన." ఆయన ఆగాడు. "ఇయ్యాల పొద్దుగాల ఫోన్ జేసి, నా గొంతు పోతున్నదిరా, అందరికి అందుతున్నదిరా అని చిన్నపిల్ల లెక్క ఏడ్చింది. గందుకొచ్చిన."

కరుణ ఫిర్యాదుల పుస్తకం మూసింది.

"అయితె," అన్నాడు మహిధర్ నెమ్మదిగా, "గా బిగిచ్చిన మూడే మా అమ్మ గొంతు పట్టుకున్నయా?"

"అవ్ అన్నా. మూడింట్ల మంటపమైతే ఉత్తగనే పట్టుకున్నది."

మహిధర్ లేచాడు. గుమ్మం దాటి, రెండు మెట్లు దిగి, మళ్లీ తల తిప్పాడు. "మల్ల ముహూర్తాలొస్తయ్ గద. అప్పుడు?"

"పెండ్లి నడిచినంతసేపు ముందు మంటపానికే. అప్పగింతలైనంక ఊరికి."

"మంచిది. మల్ల బిగియ్యకుండ్రి."

అడుగులు కిందికి పోయేదాకా అమరేందర్ కదలలేదు. తరువాత గొంతు సవరించుకొని కిటికీలోనుండి కేకవేశాడు. "మా కాడ అందరి ఫికరుంటదన్నా!" ఇటు తిరిగి కరుణ ముఖం చూచి, "ఏందట్ల చూస్తవ్? మంటపం దాంక నేను రాలేదా?" అన్నాడు. కరుణ ఫక్కున నవ్వింది.

తెర మీద పచ్చగీత దిగింది. పదకొండు నలుబది అయింది. పాఠం ముగిసింది.

పన్నెండు దాటాక ఆమె ఫోను మోగింది. బొమ్మ కనపడే ఫోను. తెరలో ముందు పోశమ్మ ముఖమే నిండుగా కనిపించింది, చెవిలో కమ్మ సగం బయటికి.

"సోమారం కెళ్లి పాఠాలట బిడ్డా! ఆడికాడికే చెప్పిండ్రు. గా చివర్న ఒక పెద్దసారు చేతులతోనే అడిగిండట, మీ ఊర్ల తీగ ఇంత మంచిగుంటదా అని. సాయంత్రం బొచ్చె చేప పంపిస్త, కాదనకు. ఉండుండు, వీడేదో చెప్తడట."

ముఖం పక్కకు జరిగింది. నీలిగోడ ముందు బాలేష్ నిలబడ్డాడు. వెనుక మూలలో ఎంకయ్య చాచిన పాదాలు కనపడుతున్నాయి. బాలేష్ ముందుగా ప్లగ్గు పీకి పెట్టే సంజ్ఞ చేశాడు. చేసి, పలకమీది అక్షరాన్ని తుడిచినట్లు గాలిలో అరచేతితో దానిని తుడిచివేశాడు. తరువాత ఎడమ అరచేతిని నేలవలె పరచాడు. కుడి అరచేతి మడమను దానిలో గట్టిగా నొక్కాడు. ఎత్తాడు. గుంతలోనికి తొంగిచూచి, తల ఎత్తి, వేలితో తిన్నగా కరుణను చూపాడు.

"గది తాత పేరు గదా చిన్నమ్మా?"

"ఇప్పుడు ఇద్దరిదట," అన్నది తెర బయటి నుండి పోశమ్మ. "పెద్ద నీరడి, చిన్న నీరడి."

కరుణ ఫోనును పుస్తకానికి ఆనించి నిలబెట్టింది. తన ఎడమ చేయి పరచి, కుడి అరచేతి మడమను, పని అలవాటు లేనివారి బిడియంతో, దానిలో నొక్కింది. బాలేష్ తల అడ్డంగా ఊపి, ఇంకా గట్టిగా నొక్కమని తన చేతితో చూపాడు. ఆమె గట్టిగా నొక్కింది. అక్కడ, కట్ట కింద, ఆ నొక్కు నొక్కినట్లే కనపడింది.